ముద్ర కలవలేదు

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇంగ్లీషు టీచరు స్టాఫ్ రూములో తొమ్మిదో తరగతి కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుతోంది. ముప్ఫై ఎనిమిదింటిలో పద్నాలుగు అయ్యాయి. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు ఆగింది. తలెత్తి చూస్తే, ఎనిమిదేళ్ల కిందట ఈ బడిలో పదో తరగతి పూర్తి చేసిన అమ్మాయి. అప్పట్లో ప్రతి పాఠానికీ చెయ్యెత్తేది కాబట్టి క్లాసంతా ఆమెను డౌటు అని పిలిచేది. టీచరూ అలాగే పిలిచేది.

"ఏమే డౌటూ, చేరావా ఉద్యోగంలో?"

"ఎక్కడ చేరతాను టీచర్? ఇది చూడండి."

ఆమె చేతిలో స్టడీ సర్టిఫికెట్ ఉంది. పోయిన గురువారం ఈ బడి ఆఫీసులోనే రాసిచ్చారు. ఇప్పుడు దాని మూలకు గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది. చీటీ మీద రెండే మాటలు: ముద్ర కలవలేదు.

ఉద్యోగం నీటి పరీక్షల ల్యాబులో, అసిస్టెంటుగా. డౌటు మూడేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంది. పదిహేను రోజుల కిందట ఆర్డరు వచ్చింది. శుక్రవారం సాయంత్రం నాలుగు లోపు చేరాలి. చేరేటప్పుడు, మూడు నెలల లోపు జారీ అయిన స్టడీ సర్టిఫికెట్ చూపాలి. దాని మీద తనిఖీ కార్యాలయం వాళ్లు సరిచూశామని సంతకం పెట్టి ఉండాలి. వీటిలో ఏది జరక్కపోయినా ఉద్యోగం లిస్టులో తర్వాతి మనిషికి పోతుంది. ఆ తర్వాతి మనిషి రెండు రోజులుగా ల్యాబుకు ఫోను చేసి, ఆ అమ్మాయి చేరిందా అని అడుగుతున్నాడని డౌటుకు ల్యాబు వాచ్‌మన్ చెప్పాడు.

"ఏ ముద్రట కలవంది?"

"మన బడిదే టీచర్. ప్రిన్సిపాల్ గారి స్టాంపు. నేనేదో ఇంట్లో కూర్చుని బంగాళదుంప చెక్కి గుద్దుకొచ్చినట్టు చూశాడు నా వంక, ఆ తనిఖీ గుమాస్తా."

టీచరు ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. ఆ స్టాంపు మార్పించింది తనే.

పదకొండేళ్లు బడి వాడిన గుండ్రటి స్టాంపులో, కింది అంచున, ప్రిన్సిపాల్ అనే ఇంగ్లీషు మాటకు చివర ఏ, ఎల్ ఉండాల్సిన చోట ఎల్, ఈ ఉండేవి. పలికితే తేడా తెలియదు. రాస్తే అర్థం మారిపోతుంది. ఏ, ఎల్ ఉంటే బడి నడిపే మనిషి. ఎల్, ఈ ఉంటే సూత్రం, నియమం. టీచరు ఏటా జూలైలో ఒకసారి, పరీక్షల ముందు ఒకసారి ఈ రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాసేది. పరీక్షలో దానికి అర మార్కు. ఏటా క్లాసులో సగం మంది ఆ అర మార్కు పోగొట్టుకునేవాళ్లు. మూడేళ్ల కిందట ఒక పిల్ల లేచి, తన అక్క టీసీ చూపించి, "బడే ఇలా రాస్తోంది కదా టీచర్, మాకెందుకు కోస్తారు?" అంది. టీచరు ఆ రోజు ఆ పిల్లను కూర్చోమంది.

అప్పటి నుంచి స్టాంపు మార్చమని అడుగుతూ వచ్చింది. ఒక ప్రిన్సిపాల్ ఆ మాట వింటూ వింటూనే రిటైరయ్యాడు. తర్వాత వచ్చినాయన, "పదకొండేళ్లుగా ఎవరి కంటికీ ఆననిది మీ కంటికే ఆనాలా అమ్మా?" అన్నాడు. చివరికి రెండు నెలల కిందట, ఆమె పోరు పడలేక సరేనన్నాడు. కొత్త స్టాంపు వచ్చిన రోజే టీచరు పాతదాని రబ్బరు ఊడదీసి, బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. ఎవరి చేతిలోనైనా పడితే ప్రమాదమని.

"రేపు నేనూ వస్తాను పద. పొరపాటు ఎక్కడుందో చెబితే అర్థం చేసుకోరా!" అంది.

తనిఖీ కార్యాలయం పోస్టాఫీసు మేడ మీద ఉంది. ఆరు కౌంటర్లు ఉన్నాయి, మనుషులు కూర్చునేవి రెండు. మూడో కౌంటరు గుమాస్తా వెనక చెక్క సొరుగులు. సొరుగుల్లో కార్డులు, బడికొకటి. కార్డు మీద ఆ బడి స్టాంపు ముద్ర, అది నమోదు చేసిన తేదీ ఉంటాయి. ఎవరైనా సర్టిఫికెట్ తెస్తే గుమాస్తా దాని మీది ముద్రపై ట్రేసింగ్ కాగితం పరుస్తాడు. పెన్సిలుతో ముద్రను ఎత్తుకుంటాడు. ఆ కాగితాన్ని కార్డు మీద పెడతాడు. గీత మీద గీత పడితే సంతకం చేస్తాడు. పడకపోతే చీటీ గుచ్చుతాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన చేస్తున్న పని ఇదే.

బుధవారం ఉదయం పదిన్నరకు టీచరు సంచిలోంచి డిక్షనరీ తీసి కౌంటరు మీద పెట్టింది. గుర్తుగా రెండు చోట్ల కాగితం ముక్కలు పెట్టి తెచ్చింది.

"కొత్త స్టాంపే కరెక్టు సార్. మీ కార్డు మీద ఉన్నది తప్పు."

"కార్డు తప్పెలా అవుతుందమ్మా? మిగతావి తప్పో ఒప్పో చూసేదే కార్డుతో."

"కార్డు మీది మాట చదవండి ఒకసారి. చివర ఎల్, ఈ ఉందా లేదా?"

"నేను చదవను."

"అంటే?"

"చదవనమ్మా. రోజుకు నూట పది వస్తాయి. చదువుతూ కూర్చుంటే నా తల ప్రాణం తోకకొస్తుంది. గీతలు కలిశాయా లేదా, అంతే చూస్తాను."

"మరి ఈ డిక్షనరీ..."

"బాగుంది. ఏ షాపులో కొన్నారు? మా మనవరాలు అడుగుతోంది."

వెనక వరసలో నిలబడ్డ ఒకావిడ గొంతు పెంచింది. "ఏమ్మా, పాఠం అయిందా? గంట కొడితే మేం కూడా ముందుకొస్తాం."

టీచరు వెనక్కి తిరగలేదు. "సరే సార్, కార్డు మార్చాలంటే ఏం చేయాలి?"

గుమాస్తాకు ఈ ప్రశ్న నచ్చింది. సొరుగు లాగి ఒక ఫారం తీశాడు. "ఇది ఫారం ఏడు. మీ ప్రిన్సిపాల్ నింపాలి. కింద పాత స్టాంపు వేయాలి. దాని పక్కన కొత్తది వేయాలి. పాత స్టాంపు పట్టుకొచ్చి ఇక్కడ అప్పగించాలి. మేం దాన్ని కోసి, రసీదు ఇస్తాం."

"కోసేశాం."

"ఎవరు?"

"నేనే."

గుమాస్తా పెన్సిలు కింద పెట్టాడు. ఆయన గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. "మా పని మీరెందుకు చేశారమ్మా?"

"పై ఆఫీసరుతో మాట్లాడతాను."

"సోమవారం వస్తారు. సెలవులో ఉన్నారు."

"ఈ పిల్లకు గడువు శుక్రవారం సార్!"

"అందుకే చెబుతున్నాను. కార్డు మీద ఉన్న ముద్రతో ఒక సర్టిఫికెట్ తెండి. పది నిమిషాల పని. నేను ఇక్కడే ఉంటాను, ఎక్కడికీ పోను."

ఇద్దరూ మెట్లు దిగారు. పోస్టాఫీసు ముందు సైకిళ్ల స్టాండు దగ్గర డౌటు ఆగింది.

"టీచర్, పాతదే మళ్లీ చేయిస్తే?"

"తప్పని తెలిసి చేయించమంటావా?"

"నాకు తెలిసింది శుక్రవారం ఒక్కటే టీచర్."

టీచరు సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకు మార్చుకుంది. డిక్షనరీ బరువు.

"పదో తరగతిలో దీనికే నాకు అర మార్కు కోశారు," అంది డౌటు.

"కోశాను."

"ఇప్పుడు ఉద్యోగం కోసేస్తున్నారు."

"నోరు మూసుకుని నడువు."

ప్రిన్సిపాల్ గదిలో టీచరు సంగతంతా నిలబడే చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ ఇంగ్లీషు కోసం ఒకసారి మార్చాం. ఇప్పుడు మీ ఇంగ్లీషు వల్లే మళ్లీ మార్చాలి. వెళ్లి చేయించుకురండమ్మా. ఏ స్టాంపు వేసినా పక్కన సంతకం పెడతాను. నన్ను మాత్రం స్పెల్లింగు అడక్కండి."

"సార్, ఇది బడి. మనమే తెలిసి తప్పు రాస్తే..."

"ఆ అమ్మాయి ఇంటికెళ్లి ఈ మాట మీరే చెబుతారా?"

టీచరు బయటికి వచ్చేసింది.

స్టాంపుల దుకాణం ఒక మేడ మెట్ల కింద ఉంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి వీధిలో నిలబడాలి. లోపల సీసపు అక్షరాల అరలు, ఒక బిగింపు యంత్రం, బల్ల మీద రబ్బరు పట్టీలు. మేస్త్రీ అరవై దాటిన మనిషి. రెండు నెలల కిందట టీచరు ఇక్కడికొచ్చి, నలుగురు ఖాతాదారుల ముందు ఆయన్ను కడిగేసింది. అక్షరం ముక్క రాని వాళ్లు అక్షరాల దుకాణం పెట్టకూడదంది. ఆయన ఆ రోజు నోరెత్తలేదు. కొత్త స్టాంపు చేసి ఇచ్చాడు.

బుధవారం దుకాణం మూసి ఉంది. గురువారం బడి వదిలాక ఆమె డౌటును వెంటబెట్టుకుని వెళ్లేసరికి మేస్త్రీ చేతులు కడుక్కుంటున్నాడు.

"రండి టీచరమ్మా. ఈసారి ఏం తప్పు దొరికింది?"

ఆమె చెప్పింది. ఆయన విన్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"అంటే, రెండు నెలల కిందట తప్పని నన్ను తిట్టి మార్పించిందే ఇప్పుడు మళ్లీ చేయమంటారు."

"అవును."

"తిట్టు కూడా వెనక్కి తీసుకుంటారా, స్టాంపు ఒక్కటేనా?"

డౌటు నవ్వాపుకోవడానికి వీధి వైపు తిరిగింది.

మేస్త్రీ అటక మీంచి ఒక రిజిస్టరు దించాడు. దుమ్ము దులిపి, పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టాడు. ఆయన దుకాణంలో పద్ధతి ఒకటే. స్టాంపులో ఏముండాలో ఖాతాదారు తన చేత్తో రిజిస్టరులో రాయాలి, పక్కన సంతకం పెట్టాలి. ఆయన అందులో ఉన్నది ఉన్నట్టు పేరుస్తాడు. తయారయ్యాక మొదటి ముద్ర ఆ పేజీలోనే వేసి పెట్టుకుంటాడు. పదకొండేళ్ల కిందటి పేజీలో, నీలం సిరాతో, రిటైరైన ప్రిన్సిపాల్ దస్తూరీ ఉంది. ఎల్, ఈ. కింద ఆయన సంతకం.

"నేను చదివింది అయిదో తరగతి. పెద్దలు రాసిచ్చింది దిద్దేంత వాణ్ని కాను. ఆ రోజు మీరు నన్ను నలుగురిలో అంటుంటే ఈ పేజీ తియ్యలేక కాదు. ఆయన పిల్లలకు చదువు చెప్పిన మనిషి. ఎందుకులే అని ఊరుకున్నాను."

"నన్ను క్షమించండి. తొందరపడ్డాను."

"సరే. ఇవాళ్టి పేజీలో రాయండి."

"ఇదిగో పాత ముద్ర ఇక్కడే ఉందిగా. దాన్ని చూసి చేయండి."

"కుదరదమ్మా. కొత్త ఆర్డరు, కొత్త పేజీ. మీ చేత్తో రాయాలి. రేపు ఇంకెవరైనా వచ్చి తిడితే నేను చూపించుకోవద్దా?"

టీచరు పెన్ను తీసుకుంది. బడి పేరు రాసింది. పిన్‌కోడు రాసింది. కింది మాట మొదలుపెట్టి, ఏడో అక్షరం దాకా వచ్చి, చెయ్యి ఆపింది. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఆ మాట ఆమె బోర్డు మీద తప్ప తప్పుగా రాయలేదు. బోర్డు మీద రాసినా వెంటనే దాని మీద అడ్డగీత గీసేది. ఇక్కడ గీత గీయడానికి లేదు.

"కరెంటు ఆరింటికి పోతుంది టీచరమ్మా," అన్నాడు మేస్త్రీ.

మిగతా అక్షరాలు రాసేసింది. ఆయన రిజిస్టరు తన వైపు తిప్పుకుని, వేలితో ఒక్కో అక్షరం నొక్కుతూ పైకి చదివాడు. చివరికి వచ్చాక తలెత్తాడు.

"ఎల్, ఈ. ఖాయమా?"

"ఖాయం."

"మళ్లీ చూసుకోండి."

"చూసుకున్నానండీ!"

"అయితే సంతకం పెట్టండి. కింద హోదా."

ఆమె సంతకం పెట్టి, కింద ఇంగ్లీషు టీచర్ అని రాసింది. మేస్త్రీ దాన్ని కూడా పైకి చదివాడు. వీధిలోంచి ఎవరో లోపలికి తొంగి చూసి వెళ్లారు.

అయిదూ ముప్పావుకే కరెంటు పోయింది. స్టాంపు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి చేతికొచ్చింది. ప్రిన్సిపాల్ మీటింగు నుంచి ఒకటీ ముప్పావుకు వచ్చాడు. కొత్త సర్టిఫికెట్ రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసేసరికి రెండయింది. రెండూ ఇరవైకి ఇద్దరూ తనిఖీ కార్యాలయం మెట్లెక్కారు. వరసలో వాళ్ల ముందు పంతొమ్మిది మంది ఉన్నారు.

మూడూ అయిదుకు వంతు వచ్చింది. గుమాస్తా ట్రేసింగ్ కాగితం పరిచాడు. పెన్సిలు తిప్పాడు. కార్డు మీద పెట్టి, వెలుతురులోకి ఎత్తి చూశాడు.

"చూశారా, ఎంత చక్కగా కలిసిందో! ఈ మధ్య మీ బడి నుంచి ఇంత శుభ్రమైన ముద్రే రాలేదు."

డౌటు గోడ గడియారం చూస్తోంది. ల్యాబు ఇక్కణ్నించి నడిస్తే పదిహేను నిమిషాలు.

గుమాస్తా సంతకం పెట్టబోయి ఆగాడు. ఫైలు తీశాడు. మంగళవారం చీటీ గుచ్చిన సర్టిఫికెట్ నకలు అందులో ఉంది.

"ఒకే మనిషికి, ఒకే బడి నుంచి, రెండు ముద్రలు. ఇలా వదిలేస్తే రేపు నా మెడకు చుట్టుకుంటుంది. మొదటి దాన్ని రద్దు చేయాలి. బడి తరఫున వచ్చారు కాబట్టి మీరే దాని మీద అడ్డంగా రాసి సంతకం పెట్టండి."

"ఏమని?"

"తప్పు ముద్ర వేయడమైనది, రద్దు అని."

"అది తప్పు ముద్ర కాదు."

"మరి ఇది తప్పా?" అని ఆయన చేతిలో ఉన్నది చూపించాడు. "అలాగైతే దీని మీద సంతకం ఎలా పెట్టను?"

"ముద్ర మార్చడమైనది అని రాస్తాను."

"మార్చినట్టయితే ఫారం ఏడు ఏది?"

"సార్, మీకు తెలుసు. మొన్న ఇదే చోట నిలబడి అంతా చెప్పాను. ఏది కరెక్టో మీకు తెలుసు."

"తెలుసమ్మా. నాకు తెలిసింది రాయడానికి ఇందులో గడి లేదు."

మూడూ పద్దెనిమిది. డౌటు, "టీచర్," అంది. బడిలో ఉన్నప్పుడు ఆ పిల్ల ఏనాడూ ఒక్క మాటతో ఆగింది లేదు.

టీచరు ఆ నకలును తన వైపు లాక్కుంది. అడ్డంగా, కరెక్టు స్పెల్లింగు మీదుగా, తప్పు ముద్ర వేయడమైనది, రద్దు అని రాసింది. సంతకం పెట్టింది. తేదీ వేసింది. గుమాస్తా రెండో దాని మీద సంతకం చేసి, ఊది, అమ్మాయి చేతిలో పెట్టాడు. డౌటు మెట్లు దిగుతున్న చప్పుడు కింది దాకా వినిపించింది.

"ఇప్పుడు పాత స్టాంపు మీ దగ్గర ఉన్నట్టేగా," అన్నాడు గుమాస్తా. "ఫారం ఏడు ఇమ్మంటారా?"

"ఎన్నాళ్లు పడుతుంది?"

"తొంభై రోజులు. మీ కార్డు పైఆఫీసుకు పోతుంది."

"ఈలోగా మా పిల్లలు సర్టిఫికెట్లు తెస్తే?"

"కార్డు లేకుండా దేనితో చూస్తామమ్మా? ఆగాల్సిందే."

అది కాలేజీల్లో చేరే నెల. టీచరు ఫారం తీసుకుని, మడిచి, సంచిలో పెట్టుకుంది.

నాలుగూ పదికి బడికి చేరింది. స్టాంపు ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టి, ఆఫీసు గదిలో ఫోను పక్కన కూర్చుంది. నాలుగూ పద్నాలుగుకు ఫోను మోగింది.

"మూడూ నలభై ఒకటికి సంతకం పెట్టాను టీచర్! ఆ తర్వాతి మనిషి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గడియారం చూసుకుని వెళ్లిపోయాడు."

"మంచిది. కొన్నాళ్లు బుద్ధిగా పని నేర్చుకో. వచ్చిన రోజే డౌట్లు మొదలుపెట్టకు."

"రెండు అడిగేశాను టీచర్."

ఫోను పెట్టేశాక ఆమె బడి జారీ రిజిస్టరు తెరిచింది. కొత్త స్టాంపుతో రెండు నెలల్లో ఇచ్చిన సర్టిఫికెట్లు ముప్ఫై ఒకటి. డౌటుది తీసేస్తే ముప్ఫై. వాళ్లెవరూ చీటీతో తిరిగి రాలేదు కాబట్టి, అవి ఇంకా తనిఖీకి వెళ్లినట్టు లేవు. ఎప్పుడో ఒకప్పుడు పట్టుకెళ్తారు. ప్రతి పేరు పక్కనా ఫోను నంబరుంది. ఆమె వరసగా చేయడం మొదలుపెట్టింది. అయిదున్నరకు తొమ్మిదో నంబరు దగ్గరకు వచ్చింది. ఎత్తింది ఒక తండ్రి. వెనక లారీల రొద.

"మీ అమ్మాయి స్టడీ సర్టిఫికెట్ బడికి తీసుకురండి. మార్చి ఇస్తాం."

"ఏమైందమ్మా? అందులో ఏం తప్పుంది?"

"తప్పేం లేదండీ."

"తప్పు లేకపోతే మార్చడం దేనికి?"

"సోమవారం లోపు తీసుకురండి," అంది టీచరు. ఆ పేరు పక్కన టిక్కు పెట్టి, పదో నంబరు నొక్కింది.